కిటికీ పక్క పిల్ల

మా తోడికోడల్ని మొన్న మనవడి బడికి పిలిపించారట. "మీవాడు కుదురుగా కూచోడు, పక్కవాళ్ళని కూచోనివ్వడు, మరో బడి చూసుకోండి" అని చల్లగా చెప్పి పంపారట. ఆవిడ ఫోనులో ఏడుస్తూంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఫోను పెట్టేసి బీరువాలోంచి 'రైలుబడి' తీశాను. ఎన్నోసారో లెక్కలేదు.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జపాను టెలివిజన్ నటి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో వేసిన పుస్తకం ఇది. తొత్తోచాన్ అనే ఆ పిల్లని ఒకటో తరగతిలోనే బడినుంచి తీసేస్తారు. చేసిన నేరమేమిటయ్యా అంటే, బల్ల మూత వందసార్లు తెరిచి మూయడం, పిట్టలతో కబుర్లాడడం, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే మేళగాళ్ళని కేకేసి పిలవడం. మనిళ్ళల్లో "ఈ పిల్లకి కాలు నిలవదే!" అంటామే, ఆ బాపతు. పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయె బడిలో ఆ పిల్లకి చోటు దొరుకుతుంది. అక్కడి హెడ్మాస్టరు కొబయాషిగారు మొదటిరోజు ఏం చేశాడో తెలుసా? నాలుగు గంటలసేపు ఆ పిల్ల చెప్పిందంతా విన్నాడు. మావాణ్ణి నేను నాలుగు నిమిషాలు విన్నానా అన్నది అనుమానమే.

నాకు అన్నిటికన్నా పర్సు ఘట్టం ఇష్టం. మరుగుదొడ్డి గుంటలో పర్సు పడిపోతే ఈ పిల్ల పొడుగు కర్ర గరిటె పట్టుకొచ్చి అదంతా తోడి గుట్ట పోస్తుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు ఏం చేస్తున్నావని అడిగి, పనయ్యాక అంతా మళ్ళీ లోపల వేసెయ్యమని మాత్రం చెప్పి వెళ్ళిపోతాడు. ఇది గారాబమని కొందరంటారు. నేనొప్పుకోను. గారాబమైతే ఆయాని పిలిచి ఎత్తిపోయించేవాడు. ఇక్కడ తిట్టూ లేదు, క్షమాపణా లేదు. పని మాత్రం ఆ పిల్లదే. చేసినదాని బరువెంతో చేతులకే తెలుస్తుంది.

పొట్టిగా ఉండిపోయిన ఓ కుర్రాణ్ణి పంతులమ్మ సరదాకి తోకుందా అని అడిగితే, హెడ్మాస్టరు ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచి గట్టిగా కోప్పడతాడు. దిద్దుకోవలసింది పెద్దవాళ్ళ నడవడి అన్నమాట! ఆ కుర్రాడే గెలిచేట్టుగా ఆటలపోటీలు కూడా ఆయనే తయారుచేస్తాడు. పిల్లాణ్ణి సాగదియ్యలేం గదా, మెట్లనీ సొరంగాన్నీ మార్చవచ్చు.

అయితే ఈ పుస్తకంతో నాకో తగువుంది. అమ్మ పాత్ర మీద రచయిత్రి చెయ్యి మరీ తేలిగ్గా పడింది. బడినుంచి తీసేశారన్న సంగతి ఇరవయ్యేళ్ళు నిండేదాకా కూతురికి తెలియనివ్వని తల్లి ఆవిడ. కొత్త బడిగేటు దగ్గర ఆవిడ గుండె ఎంత దడదడలాడిందో! పైగా అంతా చదివాక కొబయాషిగారిలాంటి మహానుభావుడొక్కడు దొరికితే చాలన్నట్టు ఉంటుంది. ఆ బడి పిల్లలు యాభైమంది. మనకి ఒక్క గదిలోనే అంతమంది. ఆ పంతులమ్మ కూడా మనిషేగా?

పుస్తకంలో ఆ పిల్ల తీరుకి ఏ పేరూ పెట్టలేదు. ఒకందుకు మంచిదే. కానీ తోడికోడలికి మాత్రం పేరు తెలుసుకోమనే చెప్పాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల్లో ఆటిజాన్నీ, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందుల్నీ చేర్చింది. అలాంటిదేమన్నా ఉందని కాగితం చేతికొస్తే పరీక్షలో అదనపు సమయం అడగొచ్చు. పేరు తెలిసిన బిడ్డని "మొండివాడు" అనడానికి మనకీ నోరు రాదు.

జపానులో ఆ రోజుల్లో ఆఫీసులో పక్కన పెట్టేసిన ఉద్యోగుల్ని 'కిటికీ పక్కవాళ్ళు' అనేవారట. పుస్తకం జపాను పేరులోని కిటికీకి ఆ అర్థం కూడా ఉంది. ఇది చదివినప్పుడు నా రెండోవాడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు తిరుగుతూ ఎక్కాలు చెప్పేవాడు. కూచుని చెప్పమని స్కేలుతో కొట్టాను. ఒకసారి కాదు. ఇప్పుడు ఆఫీసులోనూ నడుస్తూనే ఫోను మాట్లాడతాడట. నోటితో చెప్పిన పని మరిచిపోతానని, కాగితం మీద రాసిమ్మని పై ఆఫీసర్ని అడిగాడట. ఆయన ఇస్తున్నాడట. అడగవచ్చని వాడికి ఎవరు నేర్పారో నాకు తెలీదు. నేను మాత్రం కాదు.

పోయిన ఆదివారం వాడొస్తే పర్సు ఘట్టం తీసి చేతిలో పెట్టాను. వరండాలో అటూ ఇటూ నడుస్తూ చదివాడు.

"ఇంతకీ పర్సు దొరికిందా అమ్మా?" అన్నాడు.

"దొరకలేదురా" అన్నాను.

నవ్వి, పేజీ తిప్పి మళ్ళీ నడిచాడు.