మాట ముందు, ఉరుము తర్వాత

చిక్కడపల్లి వాళ్ల చెవులు ఊరికే మెచ్చుకోవు. ఒక పక్క త్యాగరాయ గానసభ, ఇంకో పక్క క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి సినిమా హాళ్లు. వీణలూ విన్నాం, విజిళ్లూ విన్నాం. ఇంట్లో హోమ్ థియేటర్ ఒక పట్టాన ఆనదు.

అశోక్‌నగర్‌లో మా పన్నెండడుగుల హాల్లో 5.1 సెట్టు పెట్టి నెలయినా హీరో మాటలు గొణుగుడే, ఫైట్లు మాత్రం పిడుగులే. చివరికొక మెకానిక్ వచ్చాడు. రిమోట్ ముట్టుకోలేదు. సబ్‌వూఫర్‌ని నా సోఫాలో కూర్చోబెట్టి, బేస్ దండిగా ఉన్న పాట పెట్టి, తను గోడల వెంట పాకడం మొదలెట్టాడు! "ఇక్కడ నీట్‌గా వినిపిస్తోంది సార్, దీని చోటు ఇదే" అన్నాడు. మూలన పెడితే బేస్ ఉబ్బిపోతుందట. నేను మూలనే పెట్టాను మరి, చీపురు పక్కన.

తర్వాత టేపు తీశాడు. ధ్వని అడుగు దూరం పోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను. అన్నిటి శబ్దమూ ఒకేసారి చేరాలని, ఒక్కో స్పీకరు నుంచి నా తలదాకా దూరం కొలిచి రిసీవర్లో ఎక్కించాడు. టెస్ట్ టోన్ జోరువానలా మోగుతుంటే మీటరు నా చెవి ఎత్తున పట్టుకుని అన్నిటినీ 75 డెసిబెల్స్‌కి తెచ్చాడు. 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌వూఫర్‌కి అప్పగించాడు.

మాటలొచ్చేది మధ్య స్పీకరులోంచి. అది టీవీ స్టాండు లోపల ముడుచుకుని ఉంది. అంచుదాకా లాగి, కింద మడిచిన అట్టముక్క దోపి, మూతి నావైపు ఎత్తాడు. గొంతు తేటపడింది.

గోడ అవతల గ్రూప్-1కి చదివే పిల్లలు. "పది దాటితే నైట్ మోడ్ వేసుకోండి సార్" అని, నారాయణగూడలో ఇంకో ఇల్లుందంటూ టీ సగంలో వదిలి వెళ్లిపోయాడు.