పాత సమీక్ష – కొత్త ప్రతి: నెల్లూరు ‘జమీన్ రైతు’ సినిమా సమీక్షల అంతర్జాల పరిరక్షణ – పరిశీలన

వ్యాససంగ్రహం:
నెల్లూరు నుంచి వెలువడే ‘జమీన్ రైతు’ వారపత్రిక పాత సంచికలు అంతర్జాలంలోకి వచ్చిన తరువాత, వాటిలోని సినిమా సమీక్షలు తెలుగు సినిమా చరిత్రకు ఆధారాలుగా విరివిగా ఉపయోగపడుతున్నాయి. అయితే ఈ వినియోగంలో సమీక్ష తన పుటనుంచి విడిపోయి ఒక వాక్యపు తీర్పుగా కుదించుకుపోతున్నది. సమీక్షను సాక్ష్యంగానూ విమర్శగానూ చదవాలంటే సంచికను, అందులో సమీక్ష ఉన్న చోటును కలిపి కాపాడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. వీడియోగేమ్ పత్రికల పరిరక్షణలో వచ్చిన అనుభవాన్ని పోలికగా తీసుకొని, తెలుగు పరిశోధకులు చేయదగిన పనిని సూచించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: జమీన్ రైతు, నెల్లూరు, సినిమా సమీక్ష, పత్రికల డిజిటలీకరణ, వీడియోగేమ్ పత్రికలు, ఉల్లేఖనం.

1. ఉపోద్ఘాతం:

సినిమా సమీక్షకు ఆయుష్షు తక్కువ. బొమ్మ ఆడినన్నాళ్ళే దాని అవసరం. కొత్త బొమ్మ వచ్చేసరికి ఆ సంచిక పాత కాగితాల్లో చేరుతుంది. కథ, కవిత, సాహిత్యవ్యాసం పత్రికలో అచ్చయిన తరువాత పుస్తకంలోకి వెళ్ళే అవకాశం ఉంది. సమీక్షకు ఆ అవకాశం అరుదుగా దక్కింది. కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలు సంపుటంగా వెలువడడానికి ఆయనకు రచయితగా ఉన్న స్థానం ఒక కారణం. జిల్లా వారపత్రికలో వారం వారం సమీక్ష రాసిన వ్యక్తికి అటువంటి సంపాదకులు దొరకడం కష్టం. అతని రచనకు ఆ వార్తాకాగితమే మొదటి ఇల్లు, చివరి ఇల్లు కూడా.

వార్తాకాగితం నిలవడానికి తయారైనది కాదు. యంత్రంతో నూరిన కొయ్యగుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురుకూ గాలికీ పసుపుబారుతుంది, ఆమ్లగుణం వల్ల కాగితం పెళుసెక్కుతుంది. నెల్లూరు తీరంలో దీనికి ఉప్పుగాలి, తేమ తోడవుతాయి. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫాను, 2021 నవంబరులో పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసిన పెన్నా వరద ఈ ప్రాంతపు ఇళ్ళలోని కాగితానికి ఎంత అభద్రత ఉందో తెలుపుతాయి. అందుచేత ఇక్కడి పాత పత్రికను ప్రతిచిత్రంగా మార్చి అందరికీ అందుబాటులో ఉంచడం అవసరమైన పని. ఆ పని జరిగిన తీరును, జరిగిన తరువాత సమీక్షను చదువుతున్న తీరును విమర్శకు పెట్టడం కూడా అంతే అవసరం.

2. ‘జమీన్ రైతు’ – పత్రిక, స్థానం:

‘జమీన్ రైతు’ పేరులోనే దాని పుట్టుక ఉంది. వెంకటగిరి జమీందారీలో రైతుల హక్కుల కోసం సాగిన ఉద్యమంతో, నెల్లూరు వెంకట్రామానాయుడు సంపాదకత్వంతో ముడిపడిన పత్రిక ఇది. భూమి, శిస్తు, జిల్లా రాజకీయం దీని ప్రధాన విషయాలు. అటువంటి పత్రిక సినిమాకు కూడా చోటిచ్చింది. ఆ చోటు యాదృచ్ఛికం కాదు. మద్రాసు–కలకత్తా రైలుమార్గంపై ఉన్న నెల్లూరు, తెలుగు సినిమాకు దశాబ్దాలపాటు కేంద్రమైన మద్రాసుకు దగ్గరి పట్టణం. రమణారెడ్డి, రాజనాల, ఆచార్య ఆత్రేయ వంటివారిని ఈ జిల్లా చిత్రసీమకు ఇచ్చింది. ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958) నిర్మించి, తరువాత కన్నడంలో ‘సంస్కార’ (1970) తీశారు.

ఈ స్థానం వల్ల సమీక్షకుడికి ఒక ప్రత్యేకమైన దూరం ఏర్పడింది. సినీపత్రికలు చాలావరకు మద్రాసు నుంచే వెలువడేవి. స్టూడియో వార్తలు, తారల ఛాయాచిత్రాలు, నిర్మాతల ప్రకటనలు వాటికి ప్రాణం. నెల్లూరు సమీక్షకుడు పరిశ్రమకు చేరువలో ఉంటూనే ప్రేక్షకుల మధ్య కూర్చొని చూశాడు. అతని పాఠకుడు టిక్కెట్టు కొనాలా వద్దా అని ఆలోచించే జిల్లా వాసి. ఈ సమీక్షలను సినీపత్రికల సమీక్షలతో ఒకే గాట కట్టి చదివితే ఈ తేడా మరుగునపడుతుంది.

3. ఒక వాక్యంగా మారిన సమీక్ష:

పత్రిక తన పాత సంచికలను ఏడాది, నెల, తేదీ వరుసలో సంచికకు ఒక పీడీఎఫ్ చొప్పున అంతర్జాలంలో ఉంచింది. ఒక జిల్లా వారపత్రిక ఈ పని చేయడం తెలుగు పత్రికారంగంలో చెప్పుకోదగిన విషయం. దాని ఫలితం ఆంగ్ల వికీపీడియాలో స్పష్టంగా కనిపిస్తుంది. అనేక పాత తెలుగు సినిమాల వ్యాసాలలో ‘స్పందన’ విభాగానికి ఆధారం ‘జమీన్ రైతు’ సమీక్షే. 1970, 80 దశకాల చిత్రాల సందర్భంలో గ్రిద్దలూరు గోపాలరావు పేరు తరచుగా ఎదురవుతుంది. నెల్లూరు దాటి పేరు వినబడని విమర్శకుడు ప్రపంచంలో ఎక్కడివారికైనా తెలిసే స్థితి ఏర్పడింది.

అయితే ఆ విభాగాలలో సమీక్ష కనిపించే రూపాన్ని గమనించాలి. ఫలానా తేదీన ఫలానా సమీక్షకుడు నటనను మెచ్చుకున్నాడు, నిడివిని తప్పుపట్టాడు అన్నంతవరకే ఉంటుంది. విజ్ఞానసర్వస్వం అవసరానికి ఆ క్లుప్తత సరిపోతుంది. పరిశోధనకు సరిపోదు. సమీక్షకుడు ఏ మాటలతో మెచ్చాడు, ఏ ప్రమాణంతో తప్పుపట్టాడు, కథకు ఎంత చోటిచ్చాడు, పాటల గురించి చెప్పేటప్పుడు సాహిత్యాన్ని చూశాడా బాణీని చూశాడా అన్న ప్రశ్నలన్నీ ఆ వాక్యం బయట ఉండిపోతాయి. గోపాలరావు పేరు కనిపించినంతగా ఆయన విమర్శపద్ధతి చర్చకు రాకపోవడానికి కారణం ఇదే.

దీనికి భాషాపరమైన కోణం కూడా ఉంది. తెలుగులో రాసిన సమీక్ష ఆంగ్లంలో ఒక వాక్యంగా మారుతుంది. ఆ వాక్యాన్ని తెలుగు వ్యాసకర్త మళ్ళీ తెలుగులోకి తెచ్చుకుంటే, మూలంలోని ఎత్తిపొడుపు మెచ్చుకోలుగానో, మర్యాదగా చెప్పిన అసంతృప్తి నిందగానో మారే ప్రమాదం ఉంది. నెల్లూరు మాటలోని వెటకారం రెండు అనువాదాలను దాటి రావడం కష్టం. మూలసంచిక తెలుగులోనే, అంతర్జాలంలోనే ఉండగా దాని ఆంగ్లసారాన్ని ఉల్లేఖించడం పరిశోధననియమానికి విరుద్ధం.

పైగా ఈ ఉల్లేఖనాలలో అనేకం ఇప్పుడు మూల సైటులోని ప్రతులకు బదులు ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వేబ్యాక్ మెషీన్‌లో నిలిచిన ప్రతుల మీద ఆధారపడుతున్నాయి. ఒకచోట ఉంచినంతమాత్రాన భద్రపరచినట్లు కాదని ఇది చెబుతున్నది. కాగితానికి చెదలు ఎలాంటివో, అంతర్జాలానికి చెడిపోయిన లంకెలు అలాంటివి.

4. సాక్ష్యంగా సమీక్ష:

పాత పత్రికపుట చరిత్రను ఎంతగా మార్చగలదో ‘భక్త ప్రహ్లాద’ ఉదంతం నిరూపిస్తున్నది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అందరూ రాశారు. రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను పరిశీలించి, 1932 జనవరి 22న సెన్సారు పూర్తిచేసుకున్న ఈ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని తేల్చారు. చిత్రప్రతి నేడు లేదు. దాని గురించి మాట్లాడగలిగేది కాగితమొక్కటే. ఒకరినుంచి ఒకరు ఎత్తిరాసుకున్న వాక్యాల వల్ల పొరపాటు నిలిచింది, మూలపుటను చూడడం వల్ల తొలగింది. పాత సమీక్షల విషయంలోనూ ఈ పాఠం వర్తిస్తుంది.

వారపత్రిక సమీక్షలో తేదీని కూడా జాగ్రత్తగా చదవాలి. ‘జమీన్ రైతు’ శుక్రవారం తేదీతో వెలువడింది. ‘మాయాబజార్’ విడుదలైన 1957 మార్చి 27 బుధవారం, ‘గుండమ్మ కథ’ విడుదలైన 1962 జూన్ 7 గురువారం. ఆ రోజుల్లో ప్రతుల సంఖ్య పరిమితం కాబట్టి ప్రతి కేంద్రంలోనూ చిత్రం ఒకేరోజు విడుదల కావాలని లేదు. విడుదలకు, సమీక్షకు మధ్య గడిచిన రోజులు సమీక్షకుడి అభిప్రాయం మీద ప్రభావం చూపగలవు. అప్పటికే చిత్రం గురించి ఊరిలో పుట్టిన మాట అతని చెవిన పడి ఉంటుంది. అదే సంచికలోని థియేటరు ప్రకటన ఈ వ్యవధిని లెక్కించడానికి ఆధారం. సమీక్షను మాత్రమే కత్తిరించి దాచితే ఆ ఆధారం పోతుంది.

పత్రిక రాజకీయం మరింత ముఖ్యమైనది. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939) జమీందారీ పెత్తనాన్ని విమర్శించి నిషేధానికి గురైంది. దానిని నిర్మించిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు ఉండడం ఆ చిత్రచరిత్రలోని వైచిత్రి. జమీందారీ రైతుల పక్షాన నిలిచిన నెల్లూరు పత్రిక ఇటువంటి సినిమాను ఏ దృష్టితో చూస్తుందన్నది విలువైన పరిశోధనాంశం. దీనికి సమాధానం సమీక్షలో మాత్రమే దొరకదు. పక్క కాలమ్‌లోని శిస్తు వార్త, ముందుపుటలోని సంపాదకీయం, తరువాతి వారపు పాఠకుల ఉత్తరం కలిస్తేనే అది ఏర్పడుతుంది.

5. వీడియోగేమ్ పత్రికల అనుభవం:

ఇటువంటి సమస్యనే మరో రంగం మరింత తీవ్రంగా ఎదుర్కొన్నది. పాత వీడియోగేమ్‌ను ఆడాలంటే ఆనాటి యంత్రం కావాలి. అమెరికాలో విడుదలైన పాత గేములలో 87 శాతం నేడు మార్కెట్టులో దొరకడం లేదని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తెలిపింది. గేము దొరకనిచోట, అది వచ్చిన కొత్తలో ఆడినవారు ఏమనుకున్నారో చెప్పే పత్రికాసమీక్ష ప్రధాన సాక్షి అవుతుంది. 1981 నుంచి 2006 వరకు నడిచిన ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ వంటి పత్రికల సంచికలను అభిమానులు స్కాన్ చేసి అంతర్జాలంలో ఉంచడం వెనుక ఈ అవసరం ఉంది. ఆ ఫౌండేషన్ 2025 జనవరిలో ప్రారంభించిన డిజిటల్ గ్రంథాలయంలో 1500కు పైగా పాత సంచికలను ప్రతిపదం వెతకగలిగే రూపంలో అందించింది.

ఈ కృషిలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, వారు సంచికను మొదటి అట్టనుంచి చివరి అట్టవరకు కాపాడారు. ప్రకటనలోని ధర, పాఠకుల ఉత్తరంలోని ఫిర్యాదు సమీక్షతో సమానమైన ఆధారాలుగా నిలిచాయి. రెండవది, గేము సమీక్షలలో అంకెల మార్కులు ఉండడం వల్ల ఆ అంకెను మాత్రమే ఎత్తిరాసే అలవాటు అక్కడా బలపడింది. పదికి ఏడు అన్నది 1985లోనూ 2005లోనూ ఒకే అర్థం ఇవ్వదు. తెలుగులో ‘మెచ్చుకున్నాడు, తప్పుపట్టాడు’ అనే సారాంశవాక్యం ఆ అంకె చేసే పనినే చేస్తున్నది. పూర్తి సంచిక, అక్షరరూపం రెండూ ఉన్నప్పుడు పాఠకుడికి అంకెను దాటి చదివే వీలు కలుగుతుంది.

6. అక్షరీకరణ, చట్టం:

తెలుగులో ప్రతిపదశోధన సులభం కాదు. చేతితో కూర్చిన సీసపు అక్షరాలు, విరిగిన ఒత్తులు, ఇరుకు కాలములు యంత్రాన్ని తికమకపెడతాయి. తెలుగు వికీసోర్స్‌లో యంత్రం గుర్తించిన పాఠాన్ని మనుషులు పుటపుటా దిద్దే పద్ధతి ఇక్కడ ఆదర్శం. అక్షరీకరించేవారు మూలంలోని వర్ణక్రమాన్ని సరిచేయకూడదు. ‘టాకీ’, ‘ఫిల్ము’, ‘చలనచిత్రం’, ‘బొమ్మ’ అనే మాటలలో ఏది ఏ దశాబ్దంలో వాడారన్నదే భాషాచరిత్రకు సమాచారం.

పంచుకోవడంలో చట్టం కూడా ఉంది. 1957 భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ళు, రచయిత పేరు లేని రచనకు ప్రచురణ తరువాత 60 ఏళ్ళు హక్కు నిలుస్తుంది. ఆ విధంగా 1960కి ముందు పేరులేకుండా అచ్చయిన సమీక్షలు, తరువాత కూడా రచయిత ఎవరో వెల్లడికాకపోతే, ఇప్పటికే అందరివీ అయ్యాయి. పత్రికా ఉద్యోగి రాసిన రచనపై, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికాప్రచురణకు సంబంధించిన హక్కు యజమానిది, మిగిలిన హక్కులు రచయితవని 17వ విభాగం విడదీస్తుంది. పరిశోధనకు, విమర్శకు చేసే సముచిత వినియోగాన్ని 52వ విభాగం అనుమతిస్తుంది. తన వద్ద అచ్చుప్రతి ఉన్న వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం పరిరక్షణకోసం డిజిటల్ ప్రతిని నిలవచేసుకోవడాన్నీ అదే విభాగం సమ్మతిస్తుంది. కనుక నిలవచేయడం, చదవనివ్వడం, తిరిగి ప్రచురించడం అనే మూడింటిని వేరువేరుగా ఆలోచించాలి. పత్రిక యాజమాన్యం, సమీక్షకుల కుటుంబాల అనుమతితో చేసే పరిరక్షణే చిరకాలం నిలుస్తుంది.

7. ముగింపు:

నెల్లూరు సీమలో పత్రికాచరిత్రపై శ్రద్ధ కొత్తది కాదు. దంపూరు నరసయ్య పత్రికలను వెతికి కాళిదాసు పురుషోత్తం రాసిన గ్రంథం, మరుగునపడిన పాత్రికేయుణ్ణి మళ్ళీ చరిత్రలో నిలిపింది. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఈ జిల్లాలోనే ఉన్నాయి. తాళపత్రం పట్ల చూపే శ్రద్ధలో కొంత వార్తాకాగితానికీ దక్కవలసి ఉంది. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ‘జమీన్ రైతు’ సమీక్షలు మద్రాసు సినీపత్రికల సమీక్షలకు భిన్నమైన స్థానం నుంచి పుట్టినవి. వాటిని జిల్లా పత్రికారచనలో భాగంగా చదవాలి.

2. అంతర్జాలం ఈ సమీక్షలకు కొత్త పాఠకులను ఇచ్చింది. అదే సమయంలో వాటిని ఒక వాక్యపు తీర్పులుగా కుదించింది. పరిశోధకులు సంచికను స్వయంగా చూసి, తేదీ, పుట, సమీక్షకుడి పేరుతో మూల తెలుగు పాఠాన్నే ఉల్లేఖించాలి.

3. పరిరక్షణకు ప్రమాణం సంచిక. చిత్రం పేరు, సమీక్షకుడు, సంచిక తేదీ, స్థానిక థియేటరు, అదే సంచికలోని ప్రకటన అనే వివరాలతో సూచిక తయారైతే, ఎం.ఏ. స్థాయి ప్రాజెక్టులలో కూడా ఈ పనిని దశాబ్దాలవారీగా పంచుకోవచ్చు.

4. ఒకే సైటును నమ్ముకోకుండా పత్రిక కార్యాలయం, గ్రంథాలయం, విశ్వవిద్యాలయం మూడుచోట్ల ప్రతులు ఉండాలి.

ఒక సినిమా గురించి ఒక ఊరు ఏమనుకున్నదో ఆ వారమే రాసి అచ్చువేసిన మాటకు, తరువాత చెప్పుకునే జ్ఞాపకం సాటి రాదు. జ్ఞాపకంలో విజయం పొందిన చిత్రాలు పెరుగుతాయి, ఓడినవి మాయమవుతాయి. సమీక్ష రెండింటికీ ఒకే కాలమ్‌లో చోటిచ్చింది. తెలుగు సినిమా చరిత్ర గెలిచిన చిత్రాల జాబితాగా మిగిలిపోకుండా ఉండాలంటే ఆ కాలమ్ మొత్తంగా నిలవాలి.