ఆరో ముఖం ఎవరిది? బ్రిటిష్ విజ్ఞాన కల్పనలో మారుడు

శిల్పఫలకాల మధ్య జీవితం గడిపేవారు టెలివిజన్ ధారావాహికను గురించి ఈ పుటల్లో రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. నాకూ మొదట సంకోచం కలిగింది. అయితే బి.బి.సి. వారి 'డాక్టర్ హూ' ధారావాహికలోని రెండు కథలు చూసిన తరువాత, నా వృత్తిని గురించిన ఒక ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఆ ప్రశ్న పరిశోధకులకూ భిక్షువులకూ సమానంగా సంబంధించినదని భావించి ఈ పరిశీలనను మీ ముందుంచుతున్నాను.

'డాక్టర్ హూ' 1963లో ఆరంభమైంది. కాలంలోనూ అంతరిక్షంలోనూ సంచరించే ఒక పథికుడు దాని నాయకుడు. మరణం సమీపించినప్పుడల్లా అతడు కొత్త దేహంతో, కొత్త స్వభావంతో లేచి నిలుస్తాడు. నేను చెప్పబోయే కథలు రెండు: 1982 ఫిబ్రవరిలో ప్రసారమైన 'కిండా', 1983 జనవరిలో ప్రసారమైన 'స్నేక్‌డాన్స్'. రెంటినీ రచించినవారు క్రిస్టఫర్ బెయిలీ. ఈ ధారావాహికకు బౌద్ధం అప్పటికే కొత్త కాదు. నిర్మాత బ్యారీ లెట్స్‌కు బౌద్ధం పట్ల ఉన్న అభిమానం 1974 నాటి 'ప్లానెట్ ఆఫ్ ది స్పైడర్స్'లో ధ్యానకేంద్రంగా, టిబెట్ గురువుగా రూపుకట్టింది. బెయిలీ అంతకంటె లోతుకు వెళ్లి, పాళీ పదకోశాన్నే పాత్రల పట్టికగా మార్చారు.

'కిండా' జరిగే గ్రహం పేరు దేవలోక. అక్కడి అంధవృద్ధురాలు పన్నా, అంటే ప్రజ్ఞ. ఆమె వెంట ఉండే బాలిక కరుణ. నాయకుని సహచరి టీగన్ నిద్రలో దర్శించే చీకటిలోకంలో ఎదురయ్యేవారు దుక్ఖ, అనిచ్చ, అనత్త. తెరిచినవారి మనస్సును మార్చే పెట్టె పేరు ఝాన. ఆ చీకటిలో పొంచి ఉండి, మనుషుల ద్వారా లోకంలోకి ప్రవేశించే శక్తి మారుడు. రెండవ కథ జరిగే గ్రహం మనుస్స. పాలకుని భార్య తణ్హా. తెలుగు చదువరికి 'మారుడు' అనగానే పుష్పబాణాలు పట్టిన మన్మథుడు స్ఫురిస్తాడు. అశ్వఘోషుడు 'బుద్ధచరితం' పదమూడవ సర్గలో ఆ ఇద్దరూ ఒక్కరేనని చెప్పిన సంగతి మనకు తెలిసినదే. కామమూ మృత్యువూ ఒకే పేరులో ఇమిడి ఉండటం బౌద్ధచింతనలోని లోతు.

పేర్లు పెట్టినంత మాత్రాన ధర్మం రాదు. తణ్హా పాత్రనే చూడండి. మన సంప్రదాయంలో తణ్హా మారుని కుమార్తెలలో ఒకతె. ఇక్కడ ఆమె విసుగుతో, విలాసంతో పొద్దుపుచ్చే ఒక సంపన్న గృహిణి మాత్రమే. కథలో ఆమె చేసే పని స్వల్పం. కనుక పేర్లను పక్కన పెట్టి, కథ నడిచే తీరులో ధర్మం ఎంత ఉన్నదో విచారించాలి.

'కిండా'లోని ప్రధాన గుణం దాని వలసవాద విమర్శ. దేవలోకను ఆక్రమించుకోదగిన భూమిగా అంచనా వేయడానికి వచ్చిన సర్వే బృందం, పాత సామ్రాజ్యపు టోపీలు ధరించి, గాజుగోడల వంటి తమ గూటిలో కూర్చుని మాటలాడని స్థానికులను అనాగరికులుగా లెక్కగడుతుంది. ఆ మౌనం వెనుక ఉన్నది అజ్ఞానం కాదని, మరొక రకమైన జ్ఞానమని గ్రహించేసరికి బృందంలో ఒకడికి మతి చలిస్తుంది. అమరావతి మహాచైత్యపు శిలలు సర్వేయర్ల కొలతల్లోకి ఎక్కి, మద్రాసుకూ లండనుకూ తరలిపోయిన చరిత్ర తెలిసినవారు ఈ దృశ్యాలను తేలికగా చూడలేరు.

ఇక నా అభ్యంతరాలు. మొదటిది అనాత్మకు సంబంధించినది. పన్నా మరణించగానే ఆమె జ్ఞాపకాలు, స్వరం, అధికారం సమస్తమూ కరుణలోకి ప్రవేశిస్తాయి. ఒక పాత్రకు అనత్త అని పేరు పెట్టిన కథలో ఒక వ్యక్తి యథాతథంగా మరొక దేహంలోకి మారడం వైరుధ్యమే. 'మిలింద పఞ్హ'లో నాగసేనుడు ఒక దీపం నుంచి మరొక దీపం వెలిగించే ఉపమానం చెప్పినది ఈ భ్రమను తొలగించడానికే. అక్కడ జ్వాల కొనసాగుతుంది, కాని వెళ్లి చేరే వస్తువేదీ ఉండదు. అయినా ఈ దృశ్యాన్ని ప్రతీకగా గ్రహిస్తే ఒక సమర్థన దొరుకుతుంది. ప్రజ్ఞ ఒంటరిగా నశించదు, కరుణలో చేరి పరిపూర్ణమవుతుంది. రచయిత ఉద్దేశం ఇదేనని అనిపిస్తుంది. ఉద్దేశం ఒప్పు, దాన్ని చూపిన పద్ధతి పాక్షికం.

రెండవ అభ్యంతరం సర్పం. ఇక్కడ మారుడు పాము. చేతి మీద పచ్చబొట్టులా కనిపించి, మనిషి నుంచి మనిషికి పాకుతాడు. మారుడు ఆవహించిన టీగన్ చెట్టెక్కి ఆపిల్ పండ్లు కిందకు విసురుతుంది. ఇది ఏదెను తోట కథ అని, బౌద్ధం పేరుతో బైబిల్ పాము వచ్చిందని నేను మొదట నిర్ణయించుకున్నాను. మన శిల్పంలో పాము శత్రువు కాదు గదా! ముచిలిందుడు పడగ విప్పి బుద్ధునికి వాన తగలకుండా కాపాడాడు. అమరావతి ఫలకాల మీద నాగులు స్తూపాన్ని పెనవేసుకుని ధాతువులను రక్షిస్తుంటారు. ఈ వాదాన్ని వ్యాసంగా రాయడానికి కూర్చున్నప్పుడు సంయుత్తనికాయం తిరగవేశాను. మారసంయుత్తంలోని సప్పసుత్తంలో, చినుకులు పడుతున్న చీకటి రాత్రి రాజగృహ వేణువనంలో కూర్చున్న భగవానుని భయపెట్టడానికి మారుడు మహాసర్పరూపంలోనే వస్తాడు. నా అభ్యంతరంలో సగం అక్కడే వీగిపోయింది. శిల్పం తెలిసినంతగా సుత్తం తెలియకపోవడం నా లోపమే తప్ప బెయిలీ లోపం కాదు. ఆపిల్ పండు మాత్రం ఆయనదే.

మూడవది ముగింపు. 'కిండా' చివర మారుని అద్దాల వలయంలో బంధిస్తారు. చెడు తన ముఖాన్ని తాను చూసుకోలేదు కనుక అతడు విలవిలలాడి వెళ్లిపోతాడు. చూడటానికి బాగున్నా, సుత్తాలలోని క్రమం ఇది కాదు. అక్కడ మారుని ఎదుటివారు గుర్తుపడతారు. గుర్తుపట్టారని తెలియగానే అతడు ఖిన్నుడై అదృశ్యమవుతాడు. అద్దం అక్కరలేదు. చూసే మనస్సులోని స్మృతి చాలు. బాహ్యసాధనంతో గెలిచిన మారుడు మళ్లీ రావడం సహజం. అందుకే కాబోలు, బెయిలీ మరుసటి ఏడాది రెండవ కథ రాశారు.

'స్నేక్‌డాన్స్' విమర్శకులు మెచ్చదగిన కథ. మారుని పారద్రోలి ఐదు వందల ఏళ్లు నిండిన సందర్భంగా మనుస్స గ్రహం ఉత్సవం జరుపుకుంటుంది. వీధుల్లో బొమ్మలాటలు, కాగితపు పాములు, పిల్లల కేరింతలు. ఒకప్పుడు భయపెట్టినది ఇప్పుడు వినోదం. అయితే మారుడు ఎక్కడి నుంచి వచ్చాడు? మనోభావాలను ఘనీభవింపజేసే ఒక స్ఫటికాన్ని ఆ ప్రజల పూర్వికులే తయారుచేశారు. తమ ద్వేషం, లోభం, భయం అందులోంచి రూపు ధరించి బయటకు వచ్చాయి. అతడే మారుడు. సుత్తనిపాతంలోని పధానసుత్తం మారసేనను లెక్కించేటప్పుడు కామం, అరతి, ఆకలిదప్పులు, తృష్ణ, భయం, సంశయం వంటి వాటినే పేర్కొంటుంది. ఏనుగులనూ గుర్రాలనూ కాదు. 1983 నాటి ఒక ప్రజావినోద కార్యక్రమం ఈ సూక్ష్మాన్ని ఇంత స్పష్టంగా పట్టుకోవడం ఆశ్చర్యకరం. ముగింపులోనూ ఈసారి అద్దాలు లేవు. నాయకుడు కల్లోలం నడుమ తనలోని నిశ్చలబిందువును వెతుక్కుని, మారుని భయానికి లొంగకుండా నిలుస్తాడు. అంతే.

ఈ కథలో నన్ను కలవరపెట్టిన పాత్ర మారుడు కాదు, ఆంబ్రిల్. అతడు చారిత్రక పరిశోధనాధిపతి. ప్రాచీన వస్తువుల కాలం, లోహం, కొలత అన్నీ కంఠస్థం. మారుడు మళ్లీ వస్తాడన్న హెచ్చరిక అతనికి మూఢవిశ్వాసం. అతని సంగ్రహంలో 'ఆరు ముఖాల భ్రాంతి' అనే శిరోభూషణం ఉంది. దాని మీద చెక్కినవి ఐదు ముఖాలే. పూర్వికులకు లెక్క రాదని ఆంబ్రిల్ నవ్వుతాడు. నాయకుడు దాన్ని అతని తలకే పెట్టించి లెక్కించమంటాడు. ఆరో ముఖం ధరించినవాడిదే.

ఈ దృశ్యం దగ్గర నేను ఆపివేసి చాలాసేపు కూర్చున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సంగ్రహాలయంలో మారవిజయ ఫలకం ముందు కొందరు సందర్శకులకు వివరిస్తున్నాను. మారుని సేన ఒకవైపు ఎగబడుతుంది, మరొకవైపు చెదిరిపోతుంది; మధ్యలో ఖాళీ ఆసనం. పారిస్‌లోని గీమే సంగ్రహాలయంలో ఉన్న అమరావతి ఫలకంలోనూ ఇదే కూర్పు. ప్రతిమారహిత దశ గురించి చెప్పాను. బుద్ధుని రూపానికి బదులు చిహ్నం అన్న ఫూషే వాదాన్నీ, 1990లో దానిని ప్రశ్నించిన సుసాన్ హంటింగ్టన్ వాదాన్నీ వివరించాను. శ్రద్ధగా విన్న ఒక వృద్ధభిక్షువు, "అమ్మా, మీరు చెప్పినదంతా బాగున్నది. దీని ముందు నిలబడినవాడు ఎక్కడ ఉండాలని చెక్కినవాడు అనుకున్నాడు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఫలకాన్ని నమోదు చేసే మా పత్రంలో రాయి, పరిమాణం, కాలం, లభ్యస్థలం, స్థితి అన్నీ ఉన్నాయి. ఆ ప్రశ్నకు గడి లేదు.

ఆ ఖాళీ ఆసనం కూడా ఆరో ముఖం వంటిదే కావచ్చు. ఎదుట నిలిచినవాడు తనలోని సేన ఎటువైపున్నదో చూసుకోవలసిన చోటు అది. ఇది శిల్పి ఉద్దేశమని నిరూపించడానికి నా వద్ద శాసనాధారం లేదు. అయితే ఫలకాన్ని దాని వాడుక నుంచి వేరుచేసి చదివినప్పుడు లెక్క ఐదు దగ్గరే ఆగుతుందన్నది మాత్రం నాకు అనుభవమైంది.

ఆంబ్రిల్ పతనం మరింత పరిచితం. మారుని వశమైన యువకుడు లాన్ అతనికి ఇంతవరకు ఎవరూ చూడని ప్రాచీన వస్తువుల నిధిని చూపిస్తాడు. బదులుగా ఉత్సవంలో నకలుకు బదులు అసలు స్ఫటికాన్ని ఉంచమంటాడు. ఆంబ్రిల్ ధనానికి లొంగలేదు, జ్ఞానానికే లొంగాడు. ఆ వస్తువులను తానే తొలిసారి ప్రచురించాలన్న తృష్ణకు లొంగాడు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి అపహరణకు గురైన బుద్ధారాధకుల సున్నపురాతి ఫలకం అంతర్జాతీయ విపణి మీదుగా ఆస్ట్రేలియా జాతీయ కళాసంగ్రహాలయానికి చేరి, 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది. ఇటువంటి ప్రయాణాలు దొంగలతో మాత్రమే సాగవు. ఎక్కడిదని అడగకుండా వస్తువును మెచ్చుకునే పండితుని చూపు కూడా వాటికి దారి వేస్తుంది. మారుడు మనలను మన బలహీనత వైపు నుంచే కాక, మన విద్య వైపు నుంచి కూడా సమీపిస్తాడని బెయిలీ చూపారు.

ఒక్క విషయంలో మాత్రం నేను రచయితతో ఏకీభవించను. ఆంబ్రిల్‌కు ముందు ఆ పదవిలో ఉన్న డోజెన్ అన్నీ విడిచి కొండలకు వెళ్లి సాధకుడవుతాడు. పండితుడు గుడ్డివాడు, విరాగి ద్రష్ట అన్న విభజన కథకు సులువుగా సరిపోయింది. అయితే నాయకుడు డోజెన్ వద్దకు చేరగలిగినది ఎలా? డోజెన్ రాసిపెట్టిన దినచర్య వల్ల, దాన్ని భద్రపరచిన సహాయకుడు చేలా వల్ల. అంటే నమోదు చేసిన అక్షరమే మార్గం చూపింది. అమరావతిలో కోలిన్ మెకంజీ బృందం గీయించిన చిత్రాలు లేకపోతే, తరువాత కనిపించకుండా పోయిన ఎన్నో ఫలకాల రూపం మనకు తెలిసేదే కాదు. లెక్కించడం తప్పు కాదు, ఐదుతో ఆపడం తప్పు. ఆంబ్రిల్, డోజెన్ ఒకే మనిషిలో ఉండగలరన్న ఆశను కథ ఇవ్వలేదు. ఈ సంస్థలో భిక్షువులూ పరిశోధకులూ ఒకే బల్ల వద్ద కూర్చోవడంలో నాకు ఆ ఆశ కనిపిస్తున్నది.

ఈ కథలను ధర్మబోధగా స్వీకరించమని నేను చెప్పడం లేదు. చవకైన వేదికాలంకరణ, నవ్వు పుట్టించే రబ్బరు పాము, తొందరపాటు ముగింపులు వాటిలో ఉన్నాయి. అయినా మారుని బయటి రాక్షసునిగా కాక మనస్సులోని సేనగా చూపిన దృశ్యరూపంగా యువభిక్షువులతో, విద్యార్థులతో కలిసి చూడదగినవి. ముందుగా పధానసుత్తం, సప్పసుత్తం చదివి చూస్తే మరింత ప్రయోజనం. నా వరకు నేను నమోదు పత్రంలో చివర ఒక గడి చేర్చుకున్నాను: 'దర్శకుని స్థానం'. చాలా ఫలకాలకు అది ఖాళీగానే ఉంది. ఆ వృద్ధభిక్షువు మళ్లీ వచ్చినప్పుడు ఆ ఖాళీలను ఆయనకు చూపించి, ఒక్కొక్క ఫలకం ముందు ఆయన ఎక్కడ నిలబడతారో అడిగి రాసుకోవాలని ఉంది.