కండక్టర్ లేని కచేరీ

ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట ఒకటే: వాళ్లకి కండక్టర్ లేడు. 1972లో న్యూయార్క్‌లో జూలియన్ ఫైఫర్ అనే చెల్లో వాద్యకారుడు తోటి సంగీతకారులతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. యాభై ఏళ్లు దాటినా ఆ పునాది మారలేదు. మేనేజ్‌మెంట్ వాళ్లకి ఇది తెగ నచ్చేసింది. 2001లో ‘లీడర్‌షిప్ ఎన్సెంబుల్’ అని వీళ్ల పద్ధతి మీద ఒక పుస్తకమే వచ్చింది. బాస్ లేని ఆఫీసు కావాలని కలలు కనేవాళ్లకి ఆర్ఫియస్ ఒక ఉదాహరణ అయిపోయింది. ఈ గొడవలో అసలు ప్రశ్న ఎక్కడో వెనకపడిపోయింది. బాస్ లేకపోవడం అనేది చెవికి వినపడుతుందా?

నిజానికి ఇది మరీ కొత్త ఆలోచనేం కాదు. హైడన్, మోట్సార్ట్‌ల కాలంలో ఇవాళ మనం చూసే కండక్టర్ లేడు. మొదటి వయొలినో, కీబోర్డు ముందు కూర్చున్న మనిషో దారి చూపించేవారు. 1922లో మాస్కోలో పెర్సింఫాన్స్ అనే పెద్ద ఆర్కెస్ట్రా కండక్టర్ పెత్తనం వద్దనుకుని, ఒకరికొకరు కనపడేలా గుండ్రంగా కూర్చుని వాయించింది. పదేళ్లకి ఆగిపోయింది. లండన్‌లో అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ కూడా కండక్టర్ లేకుండానే మొదలైంది. కొన్నేళ్లకి, వయొలిన్ కుర్చీలోంచి నడిపిస్తున్న నెవిల్ మారినరే లేచి నిలబడి బేటన్ పట్టుకున్నాడు. ఆ కుర్చీలోంచి ఆ పోడియం దాకా నడక చాలా తక్కువ దూరం. ఆర్ఫియస్ ఆ నడక నడవలేదు, అంతే తేడా.

మన కర్ణాటక కచేరీలోనూ కండక్టర్ ఉండడు కదా అనిపించొచ్చు. నిజమే, కానీ అక్కడ ప్రధాన కళాకారులు ఎవరన్నది ముందే తేలిపోయి ఉంటుంది. వయొలిన్, మృదంగం వాళ్లని పట్టుకుని వెళ్తాయి. ఆర్ఫియస్‌లో ఆ స్థానం కూడా ఎవరి సొంతమూ కాదు. ఒక రచనకి మొదటి కుర్చీలో కూర్చున్న వయొలినిస్టు, అదే సాయంత్రం ఇంకో రచనకి వెనక వరసలో కనిపిస్తారు. ప్రతి రచనకీ కొద్దిమందితో ఒక కోర్ గ్రూప్ ఏర్పడుతుంది. వేగం ఎంత, పదాలు ఎలా విరవాలి అన్నది వాళ్లు ముందే కూర్చుని తేల్చుకుంటారు. తర్వాత అందరి రిహార్సల్‌లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మధ్యలో ఒకరు వాద్యం పక్కన పెట్టి హాల్లోకి వెళ్లి, దూరం నుంచి ఎలా వినిపిస్తోందో చెప్తారు. అంటే నాయకత్వం లేదని కాదు, అది చేతులు మారుతూ ఉంటుంది.

ఫలితం ఏంటి? డాయిష్ గ్రామఫోన్‌కి వాళ్లు చేసిన రికార్డుల్లో షోన్‌బర్గ్ ఆల్బమ్ దగ్గర మొదలుపెట్టండి. 1906 నాటి మొదటి ఛాంబర్ సింఫనీలో పదిహేనే వాద్యాలు. ప్రతి ఒక్కరికీ సోలో అంత బరువు. మామూలుగా కండక్టర్ లేకుండా ఎవరూ దీని జోలికి వెళ్లరు. ఆర్ఫియస్ చేతిలో ఆ గందరగోళం పదిహేను మంది వాదించుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఒకరి మాట ఇంకొకరు మింగేయరు, అలాగని ఎవరూ తగ్గరు. మోట్సార్ట్ గాలి వాద్యాల కాన్సర్టోల్లో ఇంకో ముచ్చట ఉంది. బయటి నుంచి స్టార్ సోలోయిస్టుల్ని తేకుండా తమ కుర్చీల్లోంచే లేపి నిలబెట్టారు. క్లారినెట్‌కి ఛార్లెస్ నైడిక్. హార్న్ కాన్సర్టోలని డేవిడ్ జాలీ, విలియం పర్విస్ పంచుకున్నారు. రోజూ పక్కన కూర్చునేవాళ్ల ఊపిరి తెలిసినవాళ్లే అలా తోడు వాయించగలరు.

2001లో గ్రామీ తెచ్చిన ‘షాడో డాన్సెస్’లో స్ట్రావిన్‌స్కీ చిన్న రచనలున్నాయి. అవి వీళ్లకి అతికినట్టు సరిపోవడానికి కారణం ఉంది. వాయించేవాళ్లు సొంత భాష్యాలు చెప్పడం స్ట్రావిన్‌స్కీకే ఇష్టం లేదు. ఆ లయల్లో తగాదా వస్తే లెక్క చూసి తీర్చుకోవచ్చు.

లెక్కతో తీరని తగాదాలు వచ్చినప్పుడే చిక్కు. హైడన్ సింఫనీల రికార్డులు శుభ్రంగా, చురుగ్గా ఉంటాయి. కానీ హైడన్ మంచి చమత్కారి. హఠాత్తుగా సంగీతం ఆపి శ్రోతని ఏడిపిస్తాడు. ఆ నిశ్శబ్దాన్ని ఇంకో క్షణం, కాస్త అతి అనిపించేంత సాగదీయడానికి ఒక మొండి మనిషి కావాలి. పాతికమంది ఒప్పుకున్న నిశ్శబ్దం మర్యాదగా సమయానికి ముగుస్తుంది. ఏకాభిప్రాయం తప్పులనే కాదు, తిక్కని కూడా వడకట్టేస్తుంది. ఆర్ఫియస్‌ని ఇష్టపడేవాళ్లు ఈ నష్టాన్ని దాచక్కర్లేదు.

మేనేజ్‌మెంట్ పుస్తకాల మోజులో మనం పట్టించుకోనిది ఇదే. మన ఆఫీసుల్లో ‘ఫ్లాట్ టీమ్’ అంటే తరచుగా అందరూ మాట్లాడతారు, నిర్ణయం మాత్రం పైనుంచి వస్తుంది. ఇక్కడ పైన ఎవరూ లేరు కాబట్టి చివరి వరస వయొలిన్‌కి కూడా ఓబో ఏం వాయిస్తుందో తెలిసుండాలి. తన భాగం తను వాయించి ఇంటికి వెళ్లిపోతే కుదరదు. రిహార్సళ్లు ఎక్కువ, మాటలు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. నచ్చని వేగానికి ఒప్పుకుని, ఒప్పుకున్నాక దాన్ని తనదిగా వాయించడం అన్నిటికన్నా కష్టం.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని షోన్‌బర్గ్ వినండి. ఎవరు నడిపిస్తున్నారో వేలు పెట్టి చూపించడానికి ప్రయత్నించండి. కాసేపు హార్న్ అనుకుంటారు, అంతలో చెల్లో అంటారు. ఆ తర్వాత హైడన్ పెట్టుకుని, ఎవరైనా ఒకరు గీత దాటితే బాగుండునని మీకూ అనిపిస్తుందేమో చూడండి.