తెర వెనుక గొంతు: తోలుబొమ్మలాట దృష్టితో ‘సైకో’ తొలి వీక్షణం

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ను విడుదల చేసినప్పుడు, చిత్రం మొదలైన తర్వాత ఎవరినీ లోనికి అనుమతించరాదని, చూసినవారు ముగింపును వెల్లడించరాదని నియమం పెట్టాడు. తొలి వీక్షణంలోని అజ్ఞానమే ఉత్కంఠకు మూలమన్నది దీని ఆంతర్యం. ఆ రహస్యం నేడు లోకవిదితం. తల్లి ఎన్నడో మరణించిందని, ఆమె గొంతుతో మాట్లాడేది కొడుకు నార్మన్ బేట్సేనని ముందే తెలిసిన ప్రేక్షకునికి తొలి వీక్షణంలో మిగిలేదేమిటి?

నల్లమాడ, ధర్మవరం ప్రాంతపు ప్రదర్శన సంప్రదాయం ఈ ప్రశ్నకు ఒక సమాధానం సూచిస్తుంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. అక్కడి దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు. తోలుబొమ్మలాటలో రామాయణం చూసేవారికి కథ ముందే తెలుసు. బొమ్మ పలికే మాట తెర వెనుక మనిషిదనీ తెలుసు. అయినా సీత దుఃఖం వారికి అసత్యం కాదు. ఆ జ్ఞానం రసానుభూతికి అడ్డు రాదు.

ఈ దృష్టితో చూస్తే ‘సైకో’లోని దృశ్యాలు వేరుగా అర్థమవుతాయి. ఇంటి కిటికీలో తల్లి ఛాయ, స్నానపు తెర మీద హంతకుని నీడ కనిపిస్తాయి. నేలమాళిగలో ఊగే దీపం వల్ల శవం ముఖం మీద నీడలు కదిలి, అది సజీవమన్న భ్రమ కలుగుతుంది. ఇవన్నీ దీపమూ తెరా కల్పించిన బొమ్మలే. ఇంటిలోంచి వినవచ్చే తల్లీకొడుకుల తగవు రహస్యం తెలియనివారికి భయహేతువు. తెలిసినవారికి అది రెండు పాత్రలనూ తానే పలుకుతున్న ఏకాకి వేదన. భయానకం స్థానంలో కరుణ అంగిరసమవుతుంది.

ఇందులో నష్టం లేకపోలేదు. నలభై వేల డాలర్లతో పారిపోయిన మారియన్ క్రేన్‌నే కథానాయికగా నమ్మి వెంబడించిన ప్రేక్షకునికి, చిత్రం సగమైనా కాకముందే ఆమె హత్య కలిగించే దిగ్భ్రాంతి ముందే తెలిసినవారికి దక్కదు. కానీ దిగ్భ్రాంతి ఒక్కసారికే పరిమితం. కరుణ ప్రతి వీక్షణంలోనూ గాఢమవుతుంది.

తోలుబొమ్మలాటకూ నార్మన్‌కూ గల భేదం కూడా ఇక్కడే ఉంది. కళాకారుడు ఆట ముగియగానే బొమ్మను పెట్టెలో భద్రపరచి తన గొంతుతో మాట్లాడతాడు. నార్మన్‌కు ఆ విడుదల లేదు. చివర నిర్బంధంలో అతని పెదవులు కదలవు, తల్లి గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆడించినవాడు బొమ్మగా మిగిలిన ఈ స్థితి ‘సైకో’లోని అసలైన విషాదం. ముగింపు ముందే తెలియడం దానిని చెరపజాలదు.