అంకెలు ఆలస్యంగా వచ్చిన పేజీ

శుక్రవారం మధ్యాహ్నం కువైట్ సిటీలోని మాలియాకు వెళ్తే చెవిలో తెలుగు పడుతూనే ఉంటుంది. వారానికి ఒక్క పూట సెలవు దొరికిన రాయచోటి, రాజంపేట వాళ్లు అక్కడ కలుసుకుంటారు. ఊరి కబుర్లు, సరుకులు, ఇంటికి డబ్బు పంపడం అన్నీ ఆ కాసేపట్లోనే. అలాంటి ఒక శుక్రవారం, ఓ ఇంట్లో వంటపని చేసే ఆవిడ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటే ఈ కాలమ్ రాసే మనిషి పక్కనుంచి తెర చూశాడు. అందులోని డబ్బు పంపే పేజీ తను తయారుచేసిందే. డబ్బు మొత్తం ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. దాని కింద ‘రద్దు’, ఆ కింద ‘కొనసాగించు’. ఆవిడ వేలు ‘కొనసాగించు’ మీదకి దిగుతుండగా ఖాళీలోకి అంకెలు వచ్చిపడ్డాయి, బటన్లు రెండూ కిందికి జరిగాయి, వేలు ‘రద్దు’ మీద పడింది.

“నేను ఒత్తింది ఇది గాదు నా. అది కిందికి పొయ్యె” అందావిడ. తప్పు తనదేమోనన్న బెరుకు ఆ గొంతులో ఉంది.

తప్పు ఆవిడది కాదు. అది ఎక్కడ పుట్టిందో వెతకడానికి అతనికి చాలా రాత్రులు పట్టింది.

ఆ పేజీలో బటన్లు, పెట్టెలు, క్యాలెండర్ అన్నీ ఒక వెబ్ కాంపొనెంట్ లైబ్రరీవి. వెబ్ కాంపొనెంట్ అంటే మనమే పేరు పెట్టుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్, అంటే కస్టమ్ ఎలిమెంట్. పేరు మధ్యలో ఒక హైఫన్ ఉండి తీరాలి, బ్రౌజర్ తన సొంత ట్యాగులతో కలిపేసుకోకుండా. గూగుల్‌లో పనిచేస్తున్న అలెక్స్ రస్సెల్ 2011లో ఈ ఆలోచనను ఒక సదస్సులో బయటపెట్టాడు. ఇప్పటి రూపంలో క్రోమ్ 54లోకి 2016 అక్టోబరులో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లోకి 2018 అక్టోబరులో. దీని మీద ఇష్టం కలగడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకసారి చేసిన బటన్ రియాక్ట్‌లోనూ, వ్యూలోనూ, ఏ ఫ్రేమ్‌వర్కూ లేని ఉత్త పేజీలోనూ పనిచేస్తుంది. కోరీ లావిస్కా మొదలుపెట్టిన షూలేస్ లాంటి లైబ్రరీలకు అంత ఆదరణ దక్కింది అందుకే. కంపెనీ రేపు ఫ్రేమ్‌వర్క్ మార్చినా బటన్లు పారేయక్కర్లేదు.

సర్వర్ మీదే పేజీ వండి పంపే నెక్స్ట్ జేఎస్ కూడా ఆ 2016 అక్టోబరులోనే విడుదలైంది. ఒకే నెలలో లోకం చూసిన ఈ రెండింటి స్వభావాలు మాత్రం ఎదురెదురు. కస్టమ్ ఎలిమెంట్‌కు బ్రౌజరే పుట్టిల్లు. సర్వర్‌లో నడిచే నోడ్‌కు విండో లేదు, డాక్యుమెంట్ లేదు, హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ అన్న మాటే తెలియదు. లైబ్రరీని తెచ్చి ఇలా వండే పేజీలో పెట్టగానే సర్వర్ ‘హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని చేతులెత్తేస్తుంది. ఈ దారిలో నడిచినవాళ్లలో ఆ ఎర్ర వాక్యం చూడనివాళ్లు అరుదు.

దానికి చేతికందే మందు ఒకటుంది: ఈ కాంపొనెంట్‌ను బ్రౌజర్‌లోనే లోడ్ చెయ్, సర్వర్‌లో వద్దు అని ఒక లైను రాయడం. ఎర్ర అక్షరాలు మాయమవుతాయి, పని అయిపోయినట్టే ఉంటుంది. మాలియాలో కనపడిన తెల్లటి ఖాళీ ఆ ఒక్క లైనుదే. సర్వర్ ఆ చోటును ఖాళీగా వదిలి పేజీ పంపింది. జావాస్క్రిప్ట్ దిగి, కాంపొనెంట్ నమోదై, అంకెలు గీసేసరికి నెట్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో కొన్ని సెకన్లు గడిచాయి. ఆఫీసు వైఫైలో, కొత్త ల్యాప్‌టాప్ మీద ఆ సెకన్లు ఎవరికీ కనిపించలేదు.

చిత్రమేమిటంటే, పరిచయం లేని ట్యాగ్ ఎదురైతే బ్రౌజర్ కంగారుపడదు. దాని లోపల రాసిన మాటలను మామూలుగా చూపిస్తుంది. కాబట్టి లైబ్రరీని మాత్రమే బ్రౌజర్‌కు వదిలి, ట్యాగ్‌ను సర్వర్ నుంచే పంపుతూ, డబ్బు మొత్తాన్ని ట్యాగ్‌కు గుణంగా ఇవ్వడం మానేసి, ట్యాగ్ లోపలే మాటగా రాస్తే చాలు. కాంపొనెంట్ ఇంకా మేలుకోకపోయినా అంకె కళ్లముందుంటుంది. మేలుకున్నాక రంగూ రూపూ వచ్చి చేరతాయి. ఇంకా నమోదు కాని ట్యాగులను పట్టుకుని ముందే ఎత్తు కేటాయించడానికి ఒక సీఎస్ఎస్ సెలెక్టర్ ఉంది. రెండు లైన్లు రాస్తే కింది బటన్లు కదలవు.

రియాక్ట్‌తో ఇంకో మెలిక ఉంది. కస్టమ్ ఎలిమెంట్లకు సరైన ఆదరణ దొరికింది 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లోనే. అందులో కూడా సర్వర్ అక్షరాలు, అంకెల్లాంటి సాదా విలువలను మాత్రమే గుణాలుగా రాసి పంపుతుంది. జాబితాలాంటి ఆబ్జెక్టు ఇస్తే దాన్ని హెచ్‌టీఎంఎల్‌లో రాయకుండా వదిలేస్తుంది. డబ్బు అందుకునేవాళ్ల జాబితాను అతను అలాగే ఇచ్చాడు. నాన్న, తమ్ముడు, చీటీల ఆయన, అందరూ అంకెల తర్వాతే వచ్చేవారు.

బయటి పేజీ సీఎస్ఎస్ తగలకుండా కాంపొనెంట్ గోడ కట్టుకుని దాచుకునే లోపలి భాగాన్ని షాడో డామ్ అంటారు. దాన్ని కూడా సర్వర్ నుంచే పంపే పద్ధతి ఇప్పుడుంది. టెంప్లేట్ ట్యాగ్‌కు ఒక గుర్తు పెడితే, జావాస్క్రిప్ట్ అవసరం లేకుండానే బ్రౌజర్ దాన్ని కాంపొనెంట్ లోపలి భాగంగా తీసుకుంటుంది. ఇప్పటి రూపంలో క్రోమ్ 111, సఫారీ 16.4 రెండూ 2023 మార్చిలో దీన్ని తెచ్చాయి. ఫైర్‌ఫాక్స్ 2024 ఫిబ్రవరిలో, 123వ వెర్షన్‌తో చేరింది. అయితే పేజీలో నలభై బటన్లుంటే వాటి సీఎస్ఎస్ నలభైసార్లు పేజీలో చేరుతుంది. కంప్రెషన్ చాలావరకు కాస్తుంది కానీ, ఉత్త బటన్ కోసం ఆ బరువు మోయనక్కర్లేదని అతని అభిప్రాయం. లోపలి అల్లిక ఎక్కువున్న ట్యాబులకు, కార్డులకు పనికొస్తుంది.

కువైట్‌లో అరబ్బీ పేజీ కూడా కావాలి, అసలు చిక్కులు అక్కడ తేలతాయి. కుడి నుంచి ఎడమకు అనే దిశ షాడో డామ్ లోపలికి వారసత్వంగా దిగుతుంది. ‘బయట పేజీ అరబ్బీదైతే బాణాన్ని తిప్పు’ అని లోపల రాసుకున్న సెలెక్టర్ మాత్రం గోడ అవతలికి చూడలేదు. దిశను కనిపెట్టే సెలెక్టర్ క్రోమ్‌లోకి 2023 డిసెంబరులో గానీ రాలేదు. అందుకని కొన్ని లైబ్రరీలు డాక్యుమెంట్‌నే అడిగి దిశ తెలుసుకుంటాయి. సర్వర్‌లో డాక్యుమెంట్ ఎక్కడిది? పేజీ ఇంగ్లీషు తీరులో వచ్చి, అరబ్బీ చదివేవాళ్ల కళ్లముందే అటుది ఇటు తిరుగుతుంది. ఎడమ, కుడి అనకుండా వాక్యం మొదలు, చివర అని కొలతలు రాయడం, దిశను సర్వరే ప్రతి కాంపొనెంట్‌కూ చెప్పి పంపడం అతనికి పనిచేసిన దారులు.

ఈ ఊరికి ఆ విషయంలో పెద్ద వారసత్వమే ఉంది. 1982లో కువైట్‌లో మొహమ్మద్ అల్ షారిఖ్ స్థాపించిన సఖ్ర్ సంస్థ ఎంఎస్ఎక్స్ రకం కంప్యూటర్లకు అరబ్బీ నేర్పింది. 1990లో ఇరాక్ దాడి తర్వాత ఆ పని కైరోకు తరలిపోయింది. యంత్రం మూలంలోనే తమ భాషను చేర్చాలని నలభై ఏళ్ల కిందట ఇక్కడ పట్టుబట్టారు. ఇవాళ అరబ్బీని చివరివారం పనిగా చూడటం ఆ పట్టుదలకు అగౌరవమని ఈ రచయిత గట్టిగా నమ్ముతాడు.

దినారుకు వెయ్యి ఫిల్సులు. దశాంశం తర్వాత మూడు అంకెలుండాలి. రెండే అంకెలకు అలవాటుపడిన కాంపొనెంట్ 0.125 దినారును 0.13 చేసేస్తుంది. తేదీ ఇంకా మాయ చేస్తుంది. సర్వర్ గడియారం అంతర్జాతీయ సమయంలో ఉంటే కువైట్ దానికి మూడు గంటలు ముందుంటుంది. శుక్రవారం అర్ధరాత్రి దాటాక పన్నెండూ నలభైకి సర్వర్ ఇంకా శుక్రవారం అని రాస్తుంది, బ్రౌజర్ శనివారం అంటుంది, రెండూ పొసగలేదని రియాక్ట్ గోల చేస్తుంది. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా ఈ లోపం దొరకలేదు. రంజాన్ నెలలో, ఊరంతా అర్ధరాత్రి మేలుకునే రోజుల్లో దొరికింది. సమయ మండలాన్ని రెండు వైపులా కువైట్ అని పేరుపెట్టి రాశాక తగ్గింది.

క్యాలెండర్ మాత్రం ఇంకా లొంగలేదు. అది వచ్చేదాకా ఆ చోట బ్రౌజర్ సొంత తేదీ పెట్టె నిలబడుతుంది, తేదీ అందులోనూ ఎంచుకోవచ్చు.

మార్పులన్నీ అయ్యాక ఒక శుక్రవారం అతను పాత ఫోన్ ఒకటి పట్టుకుని మాలియా వెళ్లాడు. ఆవిడ కనపడలేదు. సేఠు ఇంట్లో చుట్టాలొచ్చారని, ఈ వారం సెలవు ఇవ్వలేదని ఆవిడ ఊరాయన చెప్పాడు. అతను ఆయన పక్కనే నిలబడి పేజీ తెరిచాడు. తెల్లటి చోటు రాలేదు. 45.500 అని ముందే ఉంది, కింద రెండు బటన్లు ఎక్కడివక్కడే.

“ఏందబ్బా, దీంట్లో చూసేదేముండాది?” అన్నాడాయన.