అప్పుకూ వారసులుంటారు: 'యజ్ఞం' కథను మళ్ళీ చదివితే

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' (1964) పేరెత్తగానే అందరూ దాని ముగింపు గురించే మాట్లాడతారు. సీతారాముడు కన్నబిడ్డను చంపడం సహజమా కాదా అని దశాబ్దాల తరబడి వాదనలు నడిచాయి. ఆ ప్రశ్నకు సమాధానం ఆస్తి హక్కుల్లో వెతకాలని నా అభిప్రాయం.

కథ చాలామందికి తెలిసిందే. సుందరపాలెంలో షావుకారు గోపన్నకు అప్పల్రాముడు బాకీ పడ్డాడు. తగవు శ్రీరాములు నాయుడి ముందుకు వచ్చింది. నాయుడు ఊరికి మేలు చేసిన పెద్దమనిషి. బాకీ కూడా నిజమే. అందరూ ధర్మం ప్రకారమే నడుస్తారు, ఆ ధర్మమే అప్పల్రాముడికున్న కాస్త భూమిని మింగుతుంది. దొర కొరడా పట్టుకుని లాక్కుంటే మన కోపానికి ఒక మనిషి దొరుకుతాడు. ఇక్కడ దొరకడు. కథ బలమంతా అక్కడే ఉంది.

మొదటి సగంలో ఊరి అభివృద్ధి వివరాలు సాగతీతగా అనిపించవచ్చు. కానీ ఊరు బాగుపడినా అప్పల్రాముడి ఇల్లు బాగుపడలేదని తెలియాలంటే ఆ వివరాలు కావాలి.

వారసత్వం అనగానే మనకు గుర్తొచ్చేది పొలం, ఇల్లు. అప్పు కూడా వారసత్వమే. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమని హిందూ ధర్మశాస్త్రం చెప్పింది. కోర్టులు ఆ బాధ్యతను ఉమ్మడి ఆస్తి వరకే పరిమితం చేశాయి. ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ చట్టమే, ఆ తర్వాత చేసిన అప్పులకు ఈ బాధ్యతను రద్దు చేసింది. మొదటి సంగతి మనందరికీ తెలుసు, రెండోది ఎందరికి తెలుసు?

చట్టం ఆస్తి దగ్గర ఆగుతుంది. భూమి పోయిన ఇంట్లో మిగిలేది రెక్కల కష్టం. కొడుకు కంబారి అవుతాడు, వాడి కొడుకూ అవుతాడు. సీతారాముడు తెంచాలనుకున్నది ఆ వరసను. అది పరిష్కారం కాదు. రచయిత కూడా అలా చెప్పలేదు. అక్కడిదాకా నెట్టిన ధర్మాన్ని మాత్రం మన ముందు నిలబెట్టాడు.

మనలో చాలామందికి ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంది. సెలవులకు వెళ్ళినప్పుడు ఈసీ తీయిస్తాం, పాసుపుస్తకం సరిచూసుకుంటాం. కబ్జాల కాలంలో ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఎవరు ఎవరికి అమ్మారో కాగితంలో ఉంటుంది, ఎందుకు అమ్ముకోవాల్సి వచ్చిందో ఉండదు. పిల్లలకు ఆ భూమి రాసిచ్చే ముందు ఈ కథ కూడా ఒకసారి చదివి వినిపిద్దాం.